కోటి లీటర్లలో ఒక్క గ్రాము



లీటరుకు 0.1 మైక్రోగ్రాము. సీసాల్లో, క్యాన్లలో అమ్మే తాగునీటిలో ఏ ఒక్క పురుగుమందూ ఇంతకు మించి ఉండకూడదని మన దేశపు ప్రమాణం చెబుతోంది. ఎన్ని రకాల మందులున్నా అన్నీ కలిపి 0.5 మైక్రోగ్రాము దాటకూడదు. అంకెగా వింటే ఇది మనసుకు పట్టదు కాబట్టి లెక్కకట్టి చెబుతాను. కోటి లీటర్ల నీళ్లలో ఒక్క గ్రాము మందు కలిపితే వచ్చే మోతాదు ఇది. కోటి లీటర్లంటే ఇరవై లీటర్ల క్యాన్లు అయిదు లక్షలు. అయిదు లక్షల క్యాన్లలో కలిసిపోయిన ఒక్క గ్రామును పట్టుకోవాలి, పట్టుకుని బయటికి తీయాలి. ఈ పని ఎలా చేస్తారు, ఎంతవరకు చేయగలరు, అది హైదరాబాదులో సినిమా పనివాళ్లు ఉండే కృష్ణానగర్‌లో ఒక అద్దె రూముదాకా ఎందుకు రావడం లేదు అన్నది ఈరోజు మాట్లాడుకుందాం.

కృష్ణానగర్ వాళ్లకు ఆ క్యాన్‌ను నేను పరిచయం చేయక్కర్లేదు. పొద్దున్నే ట్రాలీ ఆటోలో వస్తుంది, కుర్రాడి భుజం మీద మూడో అంతస్తు ఎక్కుతుంది, రూములో ఓ మూల స్టాండు మీద కూర్చుంటుంది. ఆ రూములో నలుగురో అయిదుగురో ఉంటారు. ఒకరు అసిస్టెంట్ డైరెక్టరు, ఒకరు లైట్‌మన్, ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు, నిన్ననే భీమవరం నుంచో ఖమ్మం నుంచో బస్సు దిగిన కొత్త కుర్రాడు ఒకడు. తెలుగు సినిమాను నిలబెట్టే చేతులు ఇవి. పైన జూబ్లీహిల్స్ ఇళ్లలో గోడకు శుద్ధి యంత్రం ఉంటుంది, దానికి ఏటేటా సర్వీసు ఉంటుంది. కింద రూములో ఉన్న క్యాన్ మీద చాలాసార్లు లేబులు కూడా ఉండదు. ఆ నీళ్లు ఏ బోరువో, ఎవరు పరీక్షించారో, అసలు పరీక్షించారో లేదో అడిగే ఓపిక షూటింగుకు పరుగెత్తే మనిషికి ఉండదు.

పురుగుమందు పల్లెటూరి సంగతి, పత్తి చేలకూ మిరప చేలకూ సంబంధించిన గొడవ, నగరానికి దానితో పనేమిటి అని చాలామంది అనుకుంటారు. కానీ 2006లో ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రికలో మన హైదరాబాదు భూగర్భజలం మీద ఒక అధ్యయనం అచ్చయింది. నగరంలో ఇళ్లకు వాడుకునే 28 బావుల నీటిని తీసి పరీక్షించారు. అన్ని నమూనాల్లోనూ డీడీటీ, లిండేన్, ఆల్ఫా ఎండోసల్ఫాన్, బీటా ఎండోసల్ఫాన్ కనిపించాయి. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని 1989లోనే ఆపేశారు, దోమల నివారణకు మాత్రం ఉంచారు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే నెలలో ఆపింది. లిండేన్ వాడకం 2013 నాటికి ఆగింది. ఆపిన రోజునే మందు నేలలోంచి మాయం కాదు. ఈ క్లోరిన్ జాతి మందులు ఏళ్ల తరబడి మట్టిలో అలాగే ఉండిపోతాయి.

నగరానికి సొంతంగా పురుగుమందు వాడకం కూడా ఉంది, దాన్ని మనం ఆ పేరుతో పిలవం. చెదలమందు అంటాం. కొత్త అపార్టుమెంటు కట్టేటప్పుడు పునాది గుంటలో, కట్టాక గోడవారగా, ఈ మందు పోయిస్తారు. ఎప్పుడైనా దగ్గర నిలబడి చూడండి. పనివాడు గోడ మొదట్లో జానెడుకు అటూఇటూ దూరంలో డ్రిల్లుతో వరసగా రంధ్రాలు పెడతాడు. బకెట్లో నీళ్లు పోసి, డబ్బాలోంచి మందు వంచుతాడు. పడీపడగానే బకెట్టంతా పాలలా తెల్లబడుతుంది. కిరసనాయిలు లాంటి ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ తెల్లటి ద్రవాన్ని పంపుతో రంధ్రాల్లోకి ఎక్కించి, పైన తెల్ల సిమెంటు మెత్తి వెళ్లిపోతాడు. చేతికి గ్లౌజు ఉండదు, ముక్కుకు గుడ్డ ఉండదు. ఏళ్లుగా ఈ పనికి ఎక్కువగా వాడుతూ వచ్చిన మందు క్లోర్‌పైరిఫాస్. ఇది నీటిలో తక్కువగా కరుగుతుంది, మట్టిని అంటిపెట్టుకుంటుంది. అది కొంత ఊరటే. కానీ సంపు పక్కన, బోరు పక్కన పోసినప్పుడు ఆ ఊరటను నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు. యూరోపు దేశాలు 2020లో ఈ మందును వద్దనుకున్నాయి. 2025లో, ప్రపంచమంతా వదిలించుకోవాల్సిన మొండి కాలుష్యాల జాబితాలోకి, కొన్ని మినహాయింపులతో, దీన్ని చేర్చారు.

హైదరాబాదు జలమండలి నల్లాలో పురుగుమందు వస్తోందని నేను అనడం లేదు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి, శుద్ధి చేసే పంపుతారు. నా భయం పరీక్ష లేని బోరు నీళ్ల మీద, ఆ నీళ్లు నింపిన పేరులేని క్యాన్ల మీద.

ఇప్పుడు మన వంటింటి పద్ధతులు చూద్దాం. నీళ్లు కాచి చల్లారిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, పురుగుమందు చాలావరకు అలాగే ఉంటుంది. నీరు ఆవిరైన మేరకు చిక్కబడే అవకాశం కూడా ఉంది. అతినీలలోహిత దీపం ఉన్న యంత్రానిదీ అదే కథ, క్రిములకే పనికొస్తుంది. పటిక, ఇసుక వడపోత బురదను తీస్తాయి. క్లోరిన్ సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి. కలరాను, టైఫాయిడ్‌ను నగరాల నుంచి తరిమిన మందు అది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ నీటిలో క్లోర్‌పైరిఫాస్ ఉంటే క్లోరిన్ దాన్ని ఆక్సాన్ అనే మరో రూపంలోకి మారుస్తుంది, ఆ రూపం మాతృక కంటే నాడులకు ఎక్కువ హాని చేస్తుంది. ఆర్‌ఓ యంత్రం పురుగుమందుల్లో చాలా వాటిని ఆపుతుంది. అయితే ఇంట్లో వాడే ఆర్‌ఓ ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు డ్రైనేజీలోకి వదులుతుంది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఆ ఖర్చు భరించలేం. బొగ్గు వడపోత, అంటే యాక్టివేటెడ్ కార్బన్, పురుగుమందును పట్టి ఉంచుతుంది. మంచి పద్ధతే. కానీ పట్టుకున్న మందు బొగ్గులోనే ఉంటుంది, బొగ్గు నిండిపోయాక కొత్తగా వచ్చేది దాటి వెళ్లిపోతుంది. నిండిందని మనకు రంగూ చెప్పదు, రుచీ చెప్పదు.

మందును పట్టుకోవడంతో సరిపెట్టకుండా విరగ్గొట్టడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. మన సినిమా పరిశ్రమ ఒకప్పుడు అక్కడే ఉండేది కాబట్టి కృష్ణానగర్ పెద్దవాళ్లకు ఆ ఊరు పరాయిది కాదు. ఐఐటీ మద్రాసులో రసాయనశాస్త్ర ఆచార్యులు టి. ప్రదీప్, ఆయన విద్యార్థి శ్రీకుమారన్ నాయర్ 2003లో ఒక విషయం ప్రకటించారు. వెండి, బంగారం నానో రేణువులు గది ఉష్ణోగ్రతలోనే, నీటిలోనే, క్లోరిన్ ఉన్న కర్బన పదార్థాలను విడగొడుతున్నాయని. కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి మొండి పదార్థం వెండి రేణువులతో కలిస్తే వెండి క్లోరైడుగా, బొగ్గుపొడిగా మారిపోతోంది. అదే ఏడాది ఎండోసల్ఫాన్ మీద కూడా పరీక్షించారు. బంగారాన్ని నానో రేణువులుగా చేసి నీటిలో ఉంచితే ఆ నీరు పసుపుగా ఉండదు, దానిమ్మ రసం రంగులో ఎర్రగా ఉంటుంది. దానిలో ఎండోసల్ఫాన్ పడితే రేణువులు ఒకదానికొకటి దగ్గరై, ఎరుపు నీలం వైపు తిరుగుతుంది. యంత్రం లేకుండా కంటితో చూడగలిగిన మార్పు అది. కేరళలోని కాసర్‌గోడ్‌లో జీడితోటల మీద హెలికాప్టర్‌తో చల్లిన ఎండోసల్ఫాన్ వల్ల పుట్టుకతోనే దెబ్బతిన్న పిల్లల గురించి దేశం మాట్లాడుకుంటున్న కాలంలో, పక్క రాష్ట్రం ప్రయోగశాలలో ఒక గాజు సీసాలో ఆ మందు ఇలా కంటికి దొరికింది.

ఆ 2003 మరో విధంగానూ గుర్తుంచుకోవాల్సిన ఏడాది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఫిబ్రవరిలో సీసా నీళ్లలో, ఆగస్టులో శీతల పానీయాల్లో పురుగుమందు అవశేషాలున్నాయని బయటపెట్టింది. లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్. శరద్ పవార్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు, 2004 ఫిబ్రవరిలో ఆ సంఘం పరీక్షలు నిజమేనని తేల్చింది. నేను మొదట చెప్పిన 0.1 మైక్రోగ్రాము నిబంధన ఆ గొడవల్లోంచే మన సీసా నీళ్లకు వచ్చింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే వచ్చింది.

ఇంతకీ నానో రేణువుకు అంత శక్తి ఎక్కడిది? ఒక ఘన సెంటీమీటరు వెండి తీసుకోండి. బరువు పదిన్నర గ్రాములు, అంటే దాదాపు మన తులం. ఆ ముక్కకు ఆరు వైపులా కలిపి పైతలం ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఒక్కొక్కటి ఒక నానోమీటరు ఉండే ముక్కలుగా కోశామనుకోండి. మిల్లీమీటరులో పది లక్షల వంతు అది. వెండి అదే, బరువు అదే. కానీ పైతలం ఇప్పుడు ఆరువేల చదరపు మీటర్లు, దాదాపు ఎకరన్నర. నిజంగా వడపోతల్లో వాడే రేణువులు ఇంతకంటే పెద్దవే ఉంటాయి. పది నానోమీటర్లవి అనుకున్నా ఆరువందల చదరపు మీటర్లు వస్తుంది, అంటే ఏడువందల గజాల పైచిలుకు. ఫిల్మ్‌నగర్‌లో అంత జాగా ధర ఎంతో మీకు తెలుసు. రసాయన చర్య జరిగేది పైతలం మీదే కాబట్టి, తులం లోహం ఏడువందల గజాల పని చేస్తుంది.

మిగతా సగం రహస్యం గంధకంలో ఉంది. క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ రెండింటిలోనూ గంధకం ఉంటుంది. వెండికి గంధకం అంటే ప్రాణం. బీరువాలో పెట్టిన వెండి పట్టీలు గాలిలోని కాస్తంత గంధకానికే నల్లబడతాయి కదా, ఆ బంధమే ఇక్కడా పనిచేస్తుంది. నీటిలో తేలుతున్న మందు అణువు తన గంధకం కొసతో వెండి రేణువును అంటుకుంటుంది, అంటుకున్నాక దాని నడుము విరుగుతుంది. క్లోర్‌పైరిఫాస్ అలా విరిగి ఏ రెండు ముక్కలవుతుందో ప్రదీప్ బృందమే 2012లో వివరంగా చూపించింది. ఒకటి గంధకం, భాస్వరం ఉన్న ముక్క. రెండోది మూడు క్లోరిన్లున్న పిరిడినాల్. ఈ రెండో ముక్కను కూడా నీటిలోంచి తీయాలి, తీశారో లేదో కొలవాలి. విరగ్గొట్టాం, పని అయిపోయింది అనుకోవడం కుదరదు. నానో వడపోత అమ్మే ఎవరినైనా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: విరిగిన ముక్కలు ఎక్కడికి పోయాయి?

ఈ పరిశోధన కాగితం మీద ఆగిపోలేదు. వెండి నానో రేణువులను అల్యూమినా లాంటి గుల్ల గుళికలకు అంటించి, ఆ గుళికలను కాట్రిడ్జ్‌లో నింపారు. 2007లో యురేకా ఫోర్బ్స్ సంస్థ దాన్ని ఇంటి వడపోతగా మార్కెట్లోకి తెచ్చింది. భారతీయ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పుట్టిన నానో రసాయనం మన వంటిళ్లకు చేరిన తొలి సందర్భాల్లో అదొకటి. తర్వాత ప్రదీప్ బృందం ఆర్సెనిక్ మీద పనిచేసి, అమృత్ అనే పద్ధతిని పల్లెల్లో సామూహిక శుద్ధి కేంద్రాలుగా నిలబెట్టింది. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాకు ఆ పురస్కారం కంటే పెద్దగా కనిపించేది ఆ రెండో అడుగు. ఒక ఇంటి గోడ మీద నుంచి ఊరి మధ్యకు వచ్చిన అడుగు అది.

మన హైదరాబాదులోనూ నానో వెండి మీద పని జరిగింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ సిరామిక్ క్యాండిల్‌కు నానో వెండి పూత పూసే పద్ధతిని రూపొందించి పరిశ్రమకు అందించింది. కరెంటు అక్కర్లేదు, స్టీలు డబ్బాలో పెట్టే పాత క్యాండిలే. అయితే దాని పని సూక్ష్మజీవులను చంపడం. పురుగుమందు కోసం చేసింది కాదు. దుకాణంలో ‘నానో’ అన్న మాట, ‘సిల్వర్’ అన్న మాట కనిపించగానే అన్నీ పోతాయని నమ్మేస్తాం. ఏ వడపోత ఏ విషానికి పరీక్షించబడిందో ఆ విషానికి మాత్రమే అది భరోసా.

వెండి ఒక్కటే దారి కాదు. నానో ఇనుము క్లోరిన్ జాతి మందుల నుంచి క్లోరిన్‌ను ఊడదీస్తుంది, చవక కూడా. టైటానియం డయాక్సైడ్ ఎండ తగిలితే మందును కాల్చేస్తుంది. మన ఎండకు కొదవ లేదు కానీ పారే నీటిలో దాన్ని నిలిపి ఉంచడం, వాడాక తిరిగి తీయడం ఇంకా చిక్కే. ప్రయోగశాలలో స్వచ్ఛమైన నీటిలో ఒకే ఒక మందు కలిపి పరీక్షిస్తే ఫలితాలు అద్భుతంగా వస్తాయి. బోరు నీటిలో కాల్షియం ఉంటుంది, క్లోరైడ్లు ఉంటాయి, కుళ్లిన ఆకుల రసం ఉంటుంది. అవన్నీ రేణువు మీది ఆ ఏడువందల గజాల జాగా కోసం పోటీపడతాయి. అందుకే కాట్రిడ్జ్ ఎన్ని లీటర్లకు పనిచేస్తుందన్నది మన వీధి నీటితో పరీక్షించి చెప్పాలి, డబ్బా మీద అచ్చేసిన అంకెతో కాదు. వెండి కూడా నీటిలోకి ఊడి రాకూడదు. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని మన ప్రమాణం. వాడేసిన కాట్రిడ్జ్ చెత్తకుప్పలోకి పోతే ఆ వెండి, ఆ విషపు ముక్కలు మళ్లీ నేలలోకే చేరతాయి. కొత్తది ఇచ్చేవాడే పాతది తిరిగి తీసుకెళ్లాలని చట్టం పెట్టాలి.

శ్రోతలారా, 2020 డిసెంబరు మొదటి వారం ఏలూరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నడుస్తున్నవాళ్లు నడుస్తూనే మూర్ఛ వచ్చి పడిపోయారు. వందల మంది ఆసుపత్రికి చేరారు. ఎయిమ్స్, నీరి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ అందరూ నమూనాలు పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన వచ్చాయో తేల్చడానికి దీర్ఘకాలం అధ్యయనం చేయాలన్నారు. ఒక నగరం మొత్తం వణికిపోయాక కూడా దారి దొరకలేదంటే, అంతకుముందు ఏళ్ల తరబడి నీటినీ, కూరగాయలనూ క్రమం తప్పకుండా పరీక్షించి రాసిపెట్టిన లెక్కలు మన దగ్గర లేవన్నమాట. ఏ నానో పదార్థమూ ఆ లోటు తీర్చలేదు. ఏ మందు ఉందో తెలియకుండా ఏ వడపోత పెడతాం?

మూలంలోనే ఆపినవాళ్లు కూడా మనలోనే ఉన్నారు. పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పురుగుమందు లేని ఊరుగా ప్రకటించుకుంది. వేపగింజల కషాయంతో, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణంతో పత్తి పండించారు. జనగామ దగ్గర ఏనబావి 2006లో రసాయన ఎరువులు కూడా వదిలేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారంలో వాటా దక్కింది. ఆ ఊళ్ల పిల్లలే కదా రేపు కృష్ణానగర్‌లో దిగేది. వాళ్ల నేల నుంచి పోయిన విషం ఇక్కడి క్యాన్‌లో ఎదురుకాకూడదు.

అందుకని నా కోరిక ఒకటి. జూబ్లీహిల్స్ వంటింట్లో ఉన్న శుద్ధి, కృష్ణానగర్ వీధిలోకి సామూహికంగా రావాలి. రూముకో యంత్రం అక్కర్లేదు. వీధికి ఒకటి చాలు. ముందు బొగ్గు, తర్వాత నానో వెండి గుళికలు, చివర నల్లా. పక్కన గోడ మీద ఒక బోర్డు: నీటిని చివరిసారి ఏ రోజు పరీక్షించారు, ఏ మందులు చూశారు, ఎంత వచ్చింది, కాట్రిడ్జ్ ఏ తేదీన మార్చారు. రోజూ వందల మంది తాగే నీరు కాబట్టి ఖర్చు మనిషికి పైసల్లోకి దిగుతుంది. స్టూడియోలున్నాయి, యూనియన్లున్నాయి, వార్డు ప్రతినిధులున్నారు. ఒక్క పాట కోసం వేసి పగలగొట్టే సెట్టుకయ్యే డబ్బుతో ఈ కాలనీకి ఏళ్ల తరబడి మంచినీరు ఇవ్వవచ్చు. పరిశ్రమ పెద్దలు దీన్ని దానంగా అనుకోవద్దు. తమ దగ్గర పనిచేసేవాళ్లకు తాము పడిన బాకీ అనుకోవాలి.

అది వచ్చేదాకా మీ చేతిలో ఉన్నది చేయండి. నల్లా నీళ్లు దొరికిన రోజు పేరులేని క్యాన్ కొనకండి. క్యాన్ కొంటే లేబుల్ చూడండి, తయారీ సంస్థ పేరు, లైసెన్సు నంబరు లేకపోతే తిప్పి పంపండి. ఇంటి ఓనరు చెదలమందు కొట్టిస్తుంటే సంపు మూత, బోరు దరి ముందు చూడండి, అక్కడికి మందు రానివ్వకండి, పనివాడికి గ్లౌజులు ఇమ్మని అడగండి. నీటి నాణ్యత మీద అనుమానం వస్తే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. మీ బిల్డింగులో పదిమంది కలిసి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో బోరు నీటిని ఒకసారి పురుగుమందుల కోసం పరీక్ష చేయించండి. మామూలు నీటి పరీక్షలో అవి ఉండవు, విడిగా అడగాలి. రిపోర్టు వచ్చాక దాన్ని మెట్ల దగ్గర గోడకు అంటించండి.